కారణం వెతకడానికీ డబ్బివ్వాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విశాఖపట్నం వచ్చే కిడ్నీ రోగులను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చేతిలో ఏళ్ళ తరబడి పోగైన రిపోర్టుల సంచి, పక్కన భార్యో కొడుకో. పలాసలోనో సోంపేటలోనో రైలెక్కి ఇక్కడ దిగుతారు, కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఆటో మాట్లాడుకుంటారు. ఈ రాకపోకలు మొదలై రెండు దశాబ్దాలు దాటింది. ఈలోగా ప్రభుత్వాలు మారాయి, పథకాలు వచ్చాయి, డయాలసిస్ యంత్రాలు ఆ పల్లెల దగ్గరికే వెళ్ళాయి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ ఎవరి దగ్గరా ఖాయమైన జవాబు లేదు. "మందు తాగను, చుట్ట కాల్చను, షుగరు లేదు, బీపీ లేదు. మరి నాకెందుకు వచ్చిందండీ?"

అలాంటి ప్రశ్నలకు జవాబు వెతికే పనికి మనం పెడుతున్న డబ్బు గురించి ఈ వ్యాసం. వైద్యానికి ఖర్చుపెట్టాలంటే మన సమాజంలో ఎవరూ కాదనరు. వైద్య పరిశోధనకు అనగానే మాత్రం మాట మారుతుంది. అది పెద్ద దేశాల పని, లేదా కంపెనీల పని, లేదా మిగతావన్నీ అమరిన తర్వాత చూసుకోవలసిన పని అనే భావన చదువుకున్నవాళ్ళలోనే బలంగా ఉంది. ఆ భావన తప్పని, ఉత్తరాంధ్ర దానికి ప్రాణాలతో మూల్యం చెల్లిస్తోందని నా గట్టి నమ్మకం.

నేను విశాఖలో డిగ్రీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మా అమ్మ పుట్టిల్లు కవిటి మండలంలో ఉంది. మా మావయ్య జీవితమంతా జీడితోటల్లో, కొబ్బరితోటల్లో గడిచింది. కాళ్ళు వాచేదాకా ఆయన ఆసుపత్రి గడప తొక్కలేదు. తొక్కేసరికి రెండు కిడ్నీలూ దాదాపుగా పనిచేయడం మానేశాయి. కొన్నేళ్ళు డయాలసిస్ మీద బతికారు. ఆయన కర్మకాండలు అయిపోయిన రోజు ఆయన పెద్దకొడుకు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "వదినా, ఇవన్నీ చదువుకున్నావు కదా. నాకూ వస్తుందా? ఏ నీళ్ళు తాగాలి, ఏ పని మానుకోవాలి?" కిడ్నీ ఎలా పనిచేస్తుందో బల్ల మీద బొమ్మ గీసి కొన్ని వందల మందికి చెప్పినదాన్ని, ఆ పిల్లవాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ లోటు నా ఒక్కదానిది కాదు. ఆ జవాబు ఈ దేశంలో ఎవరి దగ్గరా లేదు.

తెలిసినంతవరకు తెలిసింది ఇది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో జరిగిన సర్వేలు, పెద్దవాళ్ళలో ఐదో వంతుకు అటూఇటూగా కిడ్నీ జబ్బు ఉన్నట్టు చూపాయి. మిగతా చోట్ల కిడ్నీలు చెడడానికి ఎక్కువగా మధుమేహమో రక్తపోటో కారణం. ఇక్కడ చాలామందికి ఆ రెండూ ఉండవు. జబ్బు చడీచప్పుడు లేకుండా ముదురుతుంది. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు కాబట్టి మామూలు మూత్ర పరీక్షలో తొందరగా బయటపడదు. అనుమానాలు మాత్రం బోలెడు ఉన్నాయి. భూగర్భ జలాల్లో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్ళు విరిగేలా చేసే పని, చాలినన్ని నీళ్ళు తాగకపోవడం, నొప్పుల మాత్రలు, వంశపారంపర్యం. ఇందులో ఏది అసలు దోషి, ఏవి తోడు దొంగలు అన్నది తేలలేదు.

ఆ తేలకపోవడం ఎంత ఖరీదైనదో చూడండి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఆ పల్లెలకు మంచినీళ్ళు తేవడానికి 700 కోట్ల రూపాయల పథకం చేపట్టారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇవన్నీ మంచి పనులే. ఏ కారణం తేలినా తేలకపోయినా శుభ్రమైన నీళ్ళు మనిషికి హక్కుగా రావాలి, పింఛను ఇంకా పెరగాలి అన్నా నేను చేయెత్తుతాను. కానీ మూలం నీళ్ళలో లేకపోతే? ఎండలోనో, తోటలో చల్లే మందులోనో ఉంటే? పైపుల్లో మంచినీళ్ళు వస్తూనే ఉంటాయి, కొత్త రోగులు వస్తూనే ఉంటారు. కారుతున్న ఇంట్లో గిన్నెలు పెట్టక తప్పదు. పెంకు ఎక్కడ పగిలిందో చూడడానికి ఎవరో ఒకరు పైకి ఎక్కక కూడా తప్పదు.

పైకి ఎక్కడం అంటే ఇక్కడ ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పరిశోధన అనగానే చాలామందికి కళ్ళముందు మెరిసే యంత్రాలే కనిపిస్తాయి. ఉద్దానంలో కావలసింది, ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఇరవై, పాతికేళ్ళ యువతీయువకులను వేల సంఖ్యలో ఎంచుకుని పది, పదిహేనేళ్ళు విడవకుండా అనుసరించడం. ఏటా రక్తం, మూత్రం తీసుకోవాలి. వాళ్ళు ఏ బావి నీళ్ళు తాగుతున్నారు, ఎన్ని గంటలు ఎండలో ఉన్నారు, ఏ మందు చల్లారు, ఒళ్ళు నొప్పులకు ఏ మాత్ర వేసుకున్నారు అన్నీ రాసుకోవాలి. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అనే రక్తంలోని వ్యర్థాన్ని ప్రతి ఏటా ఒకే పద్ధతిలో, ఒకే ప్రమాణానికి సరిచూసుకున్న యంత్రం మీద కొలవాలి. లేకపోతే మారింది కిడ్నీయో యంత్రమో చెప్పలేం. ఈ రోజు తీసిన నమూనాను పదేళ్ళ తర్వాత కొత్త పరీక్షకు పెట్టాలంటే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచాలి, తుపాను వచ్చి కరెంటు పోయినా దాన్ని కాపాడాలి. తిత్లీ తుపాను గుర్తున్నవాళ్ళకు ఆ ప్రాంతంలో ఈ మాటకు అర్థం తెలుసు. వీటన్నిటికంటే ముఖ్యంగా, ఊళ్ళో నమ్మకం సంపాదించిన ఫీల్డు సిబ్బంది కావాలి. మూడేళ్ళ ప్రాజెక్టు ఇచ్చి, గడువు తీరగానే ఆ సిబ్బందిని ఇంటికి పంపేస్తే, ఆ నమ్మకం వాళ్ళతోపాటే వెళ్ళిపోతుంది. తర్వాత వచ్చినవాళ్ళకు ఊళ్ళో ఎదురయ్యే మాట ఒకటే. "ఎన్నిసార్లు రక్తం ఇవ్వాలండీ? పోయినసారి తీసుకెళ్ళినవాళ్ళు ఏం తేల్చారో చెప్పారా?" ఆ కోపం న్యాయమైనది.

ఇలాంటి జబ్బు మనకొక్కరికే రాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరకు నరికే కూలీలకు ఇదే తీరు కిడ్నీ జబ్బు వచ్చింది. మధ్య అమెరికాలో పరిశోధకులు కూలీలను పని ముందు, పని తర్వాత పరీక్షించి చూస్తే, మండే ఎండలో ఆపకుండా నరికే పనికీ కిడ్నీలకు తగిలే దెబ్బకూ సంబంధం కనిపించింది. దాంతో కొన్ని చెరకు క్షేత్రాల్లో నీడ, వేళకు విశ్రాంతి, నీళ్ళు ఏర్పాటు చేశారు. కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. నీడకు, నీళ్ళకు పెద్ద ఖర్చేమీ లేదు. అది చాలునని తెలుసుకోవడానికే ఖర్చయింది. ఉద్దానానికి ఆ జవాబే సరిపోతుందని అనలేం. మన తోటలు వేరు, మన నేల వేరు. అందుకే ఇక్కడి పరిశోధన ఇక్కడే జరగాలి.

మా వీధిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసి రిటైరైన డాక్టరు గారు ఒకరున్నారు. నాకు ఆయనంటే గౌరవం. ఈ మాట ఎత్తినప్పుడల్లా ఆయన అంటారు: "అమ్మా, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పడకలు చాలవు, నర్సులు చాలరు. ముందు అవి అమరనివ్వండి. పరిశోధన ఎక్కడికీ పోదు." పేదల మధ్య జీవితం గడిపిన మనిషి మాట అది, తేలిగ్గా తీసేయలేను. అయినా ఒప్పుకోలేను. ఎందుకంటే పడకలు ఎన్ని కావాలో నిర్ణయించేది కూడా పరిశోధనే.

మద్రాసు కథ చెబుతాను. 1950ల్లో క్షయ అంటే శానటోరియం. మదనపల్లె ఆరోగ్యవరం లాంటి చోట్ల మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక విశ్రాంతి. క్షయ రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో. ఆనాటి సహజమైన డిమాండు మా డాక్టరు గారి డిమాండే: ఇంకా శానటోరియాలు కట్టండి, ఇంకా పడకలు వేయండి. కట్టుకుంటూ పోయినా ఈ దేశం ఆ లెక్కను ఎన్నటికీ అందుకోలేకపోయేది. అప్పుడు భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని పెట్టాయి. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ఆ పనిలో ముఖ్యుడు. మద్రాసు పేటల్లోని పేద రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానటోరియానికి వెళ్ళింది. రెండో గుంపు తమ ఇరుకు ఇళ్ళలోనే, చాలీచాలని తిండితోనే, అవే మందులు ఏడాదిపాటు వేసుకుంది. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో మందులు వేసుకున్నవాళ్ళు కూడా దాదాపు శానటోరియంలో ఉన్నవాళ్ళంతగానే కోలుకున్నారు. తర్వాత ఏళ్ళ తరబడి చూసినా, రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల ఇంటిల్లిపాదికీ అదనంగా జబ్బు అంటుకున్నదేమీ లేదని తేలింది. అంటే నయం చేస్తున్నది మందులు, పడక కాదు.

ఆ ఒక్క అధ్యయనంతో ప్రపంచమంతా క్షయ చికిత్స ఇంటిదారి పట్టింది. శానటోరియాలు ఒక్కొక్కటిగా అవసరం లేనివయ్యాయి. వాల్తేరులోని ఛాతీ ఆసుపత్రిని పాతవాళ్ళు ఇప్పటికీ టీబీ ఆసుపత్రి అనే అంటారు. ఈ రోజు అక్కడ పరీక్ష చేయించుకుని మందులు సంచిలో వేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే మనిషి, తనకు తెలియకుండానే ఆ మద్రాసు పేద రోగులకు, వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి మాత్రలు లెక్కపెట్టిన ఆరోగ్య కార్యకర్తలకు రుణపడి ఉన్నాడు. కట్టనవసరం లేకపోయిన పడకల ఖర్చు ఎంతో ఎవరైనా లెక్కగడితే, ఆ పరిశోధనకు పెట్టిన డబ్బు అందులో ఏ మూలకూ రాదు. ఆ పనిని ఏ మందుల కంపెనీ తలకెత్తుకునేది కాదు. "ఇంట్లో ఉండండి చాలు" అనే మాటను ఎవరూ సీసాలో పోసి అమ్ముకోలేరు.

ఓఆర్ఎస్ సంగతీ అంతే. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, కలరా విరుచుకుపడినప్పుడు సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంట సోడా, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో కలిపించి తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. గ్లూకోజు ఉంటే పేగు ఉప్పును, నీటిని పీల్చుకుంటుందని అంతకుముందు ప్రయోగశాలల్లో, ఢాకా, కలకత్తా ఆసుపత్రుల్లో ప్రజాధనంతో తేల్చిన విషయమే ఆ రోజు డ్రమ్ముల్లోకి చేరింది.

గోదావరి జిల్లాల్లో 2003–04లో జరిగిన ఒక పని కూడా చెప్పుకోవాలి. 45 పల్లెల్లో ఎవరు చనిపోయినా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్ళి, ఆఖరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబాన్ని అడిగి రాసుకున్నారు. మన పల్లెల్లో చావులు ఎక్కువగా అంటువ్యాధుల వల్లేనని అందరూ అనుకునే రోజులవి. తీరా చూస్తే దాదాపు మూడో వంతు మరణాలు గుండెజబ్బు, పక్షవాతం లాంటి రక్తనాళాల జబ్బులవల్లే. పల్లె ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలు ఎందుకు ఉండాలో అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి? కాగితం, కలం, శిక్షణ పొందిన మనుషులు, వాళ్ళకు జీతం. అదీ పరిశోధనే.

ఇక రెండో వాదన. అమెరికావాళ్ళు, యూరపువాళ్ళు కనిపెడుతూనే ఉన్నారు కదా, మనం వాడుకుంటే సరిపోతుంది కదా అని. కొన్నిటికి సరిపోతుంది. పాముకాటుకు సరిపోతుందా? 2000 నుంచి 2019 మధ్య మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ బరువు ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన దగ్గర వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇంకో చిన్న పింజరి, ఈ నాలుగింటి విషం నుంచి తయారవుతుంది. ఆ విషంలో చాలా భాగం తమిళనాడులోని ఇరుల పాములవాళ్ళ సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్నిబట్టి మారుతుందని మన శాస్త్రవేత్తలే తేల్చారు. పాడేరు కొండల్లో కాటువేసిన పాముకు తమిళనాడు పాము విషంతో చేసిన మందు ఎంతవరకు పనిచేస్తుందో బోస్టన్‌లో ఎవరు చూస్తారు? ఎందుకు చూడాలి?

బోస్టన్ అన్నాను కాబట్టి యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు. 1922లో బోస్టన్‌లో చదువుకోవడానికి ఆయన చేసిన అమెరికా ప్రయాణం ఎలా సాధ్యమైందో చాలామందికి తెలియదు. మామగారు డబ్బు సమకూర్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. రంగూను వ్యాపారంలో సంపాదించిన ఒక తెలుగు దాత సొమ్ము ఇచ్చిన భరోసా అది. దాని ఫలం లెక్కపెట్టండి. లెడర్లే అనే అమెరికన్ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. పిల్లల రక్తకేన్సరుకు తొలిసారి పనిచేసిన మందు అక్కడి నుంచే వచ్చింది. ఇప్పటికీ కీళ్ళవాతానికి డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ అక్కడే బయటపడింది. మన కోస్తాలో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే. కోస్తా ఆంధ్ర జబ్బుకు కోస్తా ఆంధ్ర మనిషి మందు కనిపెట్టాడు, అయితే న్యూయార్కు రాష్ట్రంలో కూర్చుని. అక్కడ జీతం, ప్రయోగశాల, సహాయకులు, ఓపిక పట్టే యాజమాన్యం ఉన్నాయి. ఆ నాలుగూ ఇక్కడ ఉంటే ఇక్కడే జరిగేది.

ఆ తర్వాత కూడా మన పిల్లలు అదే దారిలో వెళ్తున్నారు. నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ముగ్గురు నలుగురు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన నిధులతో నడిచే ప్రయోగశాలల్లో పనిచేశారు. 2025లో అక్కడ ఆ నిధులకు కోతలు మొదలైనప్పుడు వాళ్ళలో ఒక అమ్మాయి ఫోన్ చేసి, ఇండియాలో ఏదైనా అవకాశం ఉందా మేడం అని అడిగింది. ప్రపంచంలో మరెక్కడో డబ్బు ఆగిపోతే మన జబ్బుల మీద పనీ ఆగిపోయే స్థితి ఎవరికి క్షేమం?

కంపెనీలు ఉన్నాయి కదా అంటారు. విశాఖలో ఆ మాటకు బలం ఎక్కువ. పరవాడ ఫార్మా సిటీ ఉంది, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. కోవిడ్ కాలంలో వెంటిలేటర్లు, పరీక్షా కిట్లు ఇక్కడే తయారయ్యాయి, గర్వపడదగ్గ విషయం. కానీ తయారీ వేరు, కనుక్కోవడం వేరు. కంపెనీకి లాభం కనిపించాలి, అదీ కొద్ది ఏళ్ళలో కనిపించాలి. రోటా వైరస్ టీకా సంగతి చూడండి. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందానికి, పుట్టిన పిల్లలకు సోకినా విరేచనాలు కలిగించని ఒక వింత వైరస్ రకం దొరికింది. దాన్ని టీకాగా మలచడానికి ప్రభుత్వ నిధులు, విదేశీ సహకారం, హైదరాబాదులోని భారత్ బయోటెక్ కలిసి పనిచేశాయి. చివరి దశ ఫలితాలు వచ్చింది 2013లో. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదటి అడుగుకూ మన అంగన్‌వాడీ పిల్లవాడి నోట్లో చుక్కకూ మధ్య దాదాపు మూడు దశాబ్దాలు. చివరి మైలు కంపెనీ నడిచింది. ముందు నడిచిన దూరమంతా ఎవరి డబ్బో కూడా చెప్పుకోవాలి. అమెరికాలోనూ ఇదే తీరు. 2010 నుంచి 2016 వరకు అక్కడ అనుమతి పొందిన 210 కొత్త మందుల వెనుక ప్రభుత్వ పరిశోధన నిధులు ఉన్నాయని 2018లో ఒక అధ్యయనం చూపింది. 210కి 210.

మన లెక్కలకు వద్దాం. అన్ని రంగాల పరిశోధనకూ కలిపి భారతదేశం పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 0.64 శాతం. చైనా 2.4 శాతం దాటింది, దక్షిణ కొరియా 5 శాతానికి చేరువలో ఉంది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ఆరోగ్య శాఖకు దాదాపు లక్ష కోట్లు కేటాయిస్తే, అందులో ఆరోగ్య పరిశోధన విభాగానికి దక్కింది సుమారు 3,900 కోట్లు. వంద రూపాయల్లో నాలుగు. ఆ నాలుగులోనే దేశమంతటా ఉన్న పరిశోధన సంస్థల జీతాలు, భవనాలు, వైరస్ ప్రయోగశాలలు. ఉద్దానం యువకుల వెంట పదేళ్ళు నడవడానికి మిగిలేది ఎంత?

పెట్టిన డబ్బు తిరిగొస్తుందా అని అడిగేవాళ్ళకు కూడా సమాధానం ఉంది. బ్రిటన్‌లో ఆర్థికవేత్తలు ఇది లెక్కగట్టారు. గుండెజబ్బులపై ప్రజాధనంతో, దాతృత్వంతో చేసిన పరిశోధనలో ప్రతి పౌండుకూ, అంటే వంద పెన్నీలకు, ఏటా 39 పెన్నీల లాభం, ఆరోగ్యం రూపంలో కొంత, ఆర్థికాభివృద్ధి రూపంలో కొంత, సమాజానికి వస్తూనే ఉంటుందని తేల్చారు. కేన్సరుకు 40 పెన్నీలు. అయితే ఖర్చుపెట్టిన నాటికీ ఫలం చేతికొచ్చిన నాటికీ మధ్య సగటున 17 ఏళ్ళు పడుతుందని కూడా వాళ్ళే చెప్పారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. 17 ఏళ్ళంటే మూడు శాసనసభ ఎన్నికలు దాటిన కాలం. ఆసుపత్రి భవనానికి ఐదేళ్ళలో శంకుస్థాపన, ప్రారంభోత్సవం రెండూ చేయవచ్చు. పరిశోధన మొదలుపెట్టినవాడి పేరు అది ముగిసేనాటికి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇది ఏ ఒక్క ప్రభుత్వం ఇష్టాయిష్టాలకూ వదిలేయకూడని పద్దు.

డబ్బు ఇస్తే చాలా, దుర్వినియోగం కాదా? అవుతుంది, ఇప్పుడూ అవుతోంది. 2005 నుంచి 2014 వరకు పదేళ్ళలో మన దేశంలోని 579 వైద్య విద్యాసంస్థల్లో 332 సంస్థలు ఒక్క పరిశోధన పత్రం కూడా ప్రచురించలేదు. సగానికి పైగా. ప్రచురించిన వాటిలో కూడా ప్రమోషను కోసం రాసిపడేసినవి ఎన్నో. దీనికి మందు డబ్బు ఆపేయడం కాదు. రోజుకు వందమంది రోగులను చూసే డాక్టరుకు వారంలో రెండు రోజులు పరిశోధనకు విడిచిపెట్టకుండా పత్రం రాయమంటే ఆయన ఏం రాస్తారు? కేసు షీట్లు మూటలు కట్టి రికార్డు గదిలో పడేస్తే, పదేళ్ళ కిందటి రోగి సమాచారం ఎవరు వెతికి తీస్తారు? మన పెద్ద ఆసుపత్రులకు శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, ఒడిశా సరిహద్దుల నుంచి రోజూ వచ్చే సమాచారం, క్రమంగా రాసి దాచుకుంటే చాలు, ప్రపంచంలో ఏ పరిశోధకుడైనా కళ్ళకద్దుకుంటాడు.

ఫెలోషిప్పుల సంగతి చెప్పకపోతే నాకు మనసొప్పదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఆ మొత్తం గురించి నాకు ఫిర్యాదు లేదు, అది నెలనెలా రాకపోవడం గురించే. నా విద్యార్థి ఒకడు, పెందుర్తి అవతల చిన్న రైతు కొడుకు, ఒక సంస్థలో పీహెచ్‌డీ చేస్తూ నెలల తరబడి ఫెలోషిప్ అందక ట్యూషన్లు చెప్పుకుని గది అద్దె కట్టాడు. చివరికి మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగంలో చేరిపోయాడు. పనిలో గొప్ప చేయి వాడిది. కణాలను పెంచే గదిలో వాడు పెట్టిన పళ్ళెంలో బూజు పట్టడం నేను చూడలేదు. అలాంటి చేతిని పోగొట్టుకున్నది సంతకం కాని ఒక ఫైలు వల్ల. వేళకు జీతం ఇవ్వడం పరిశోధన విధానంలో మొదటి వాక్యంగా ఉండాలి.

మన ఊరికే మరీ దగ్గరైన విషయం ఒకటుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రోజు ఆ గాలి పీల్చిన పసిపిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. వాళ్ళ ఊపిరితిత్తులు, నరాలు, చూపు, రేపు వాళ్ళకు పుట్టబోయే బిడ్డల ఆరోగ్యం, ఇవి ఒకటి రెండు వైద్య శిబిరాలతో తేలేవి కావు. భోపాల్ అనుభవం మన ముందే ఉంది. 1984 విషవాయువు తర్వాత భారత వైద్య పరిశోధన మండలి బాధితులను అనుసరిస్తూ చేసిన దీర్ఘకాల అధ్యయనం 1994లో ఆగింది. మళ్ళీ అక్కడ ప్రత్యేక పరిశోధన సంస్థ పెట్టేసరికి 2010 వచ్చింది. మధ్యలో తెగిపోయిన ఏళ్ళను ఇప్పుడు ఎంత డబ్బు పోసినా తిరిగి తేలేం. అప్పటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఊళ్ళు మారారు, కొందరు లేరు. వెంకటాపురం పిల్లల విషయంలో ప్రతి ఏడాదికీ అంతే విలువ ఉంది.

2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. ఎక్కడి నుంచి? కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సొమ్మును ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో పరిశోధనకు ఇవ్వడానికి వీలుంది. విశాఖ చుట్టూ ఓడరేవు, రిఫైనరీ, మందుల కర్మాగారాలు ఉన్నాయి. ఆ సొమ్ములో కొంత భాగమైనా ఈ ప్రాంతపు మనుషుల ఆరోగ్యాన్ని దీర్ఘకాలం గమనించే పనికి వెళ్ళాలని కోరడం అత్యాశ కాదు. ఒక్క షరతు ఉండాలి: డబ్బిచ్చిన కంపెనీకి ప్రశ్నను ఎంచుకునే హక్కు గానీ, ఫలితాన్ని ఆపే హక్కు గానీ ఉండకూడదు. కల్యాణ మండపాలకు, ఆసుపత్రి గదులకు విరాళాలిచ్చే మన దాతలు కూడా కాకినాడ నాయకర్ గారి దారిని ఒకసారి చూడాలి.

వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు ఉత్తరాంధ్ర ఎమ్మెల్యేలకు, ఎంపీలకు నేను ఉత్తరాలు రాస్తున్నాను. చదివినవాళ్ళు మీరూ రాయండి, మీ మాటల్లోనే. నేను అడుగుతున్నవి ఇవి. ఉద్దానం యువతను, వెంకటాపురం పిల్లలను కనీసం పదిహేనేళ్ళు అనుసరించే రెండు అధ్యయనాలకు రాష్ట్ర బడ్జెట్‌లో విడి పద్దు, ప్రభుత్వం మారినా తీసివేయలేని విధంగా. పలాస పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలకు, గణాంక నిపుణులకు, ఫీల్డు సిబ్బందికి శాశ్వత పోస్టులు. ఫెలోషిప్ ప్రతి నెలా మొదటి వారంలో ఖాతాలో పడాలి. ఏటా తేలిన విషయాలను ఆ ఊళ్ళలోనే, తెలుగులో, రక్తం ఇచ్చినవాళ్ళ ముందు కూర్చుని చెప్పాలి.